మూత లేని బోర్డు

బచ్చన్నపేట పత్తి మిల్లులో యంత్రాలను నడిపే పాత కంట్రోల్ ప్యానెల్ ఇనుప బీరువంత ఉండేది. దాన్ని పీకించి, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు పెట్టించాను. తెలంగాణ కోసం సమ్మె, బస్సుల్లేవు. బోర్డుకు రావలసిన డబ్బా హైదరాబాదులోనే ఆగిపోతే, మూత లేకుండానే గోడకు బిగించాను.

దసరా మరునాడు మిల్లు కదల్లేదు. వెళ్లి బోర్డు చూశాను. చిప్పుల సందుల్లో తడి పసుపు, దాని మీద కుంకుమ!

"ఎవరు చేశారీ పని?" అని అరిచాను.

మిల్లు ఊడ్చే అక్క బెదరకుండా ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన. ఆయుధ పూజ గదా! పాతదానికి ఏటా తలుపు మీద పెడ్తుంటిమి. దీన్ని గింత చేసిండ్రు, బొట్టుకు జాగేది సారూ?"