ఉడుత కంట్లో దండాలు

మహబూబాబాద్‌లో మేం డిగ్రీ చదివే రోజుల్లో జంతుశాస్త్రం మేడమ్ కంటి పాఠం చెప్పింది. పగటి రంగులు చూపించే కణాలు శంకువులు, మసక వెలుతురులో చూపునిచ్చేవి దండాలు. పగలే తిరిగే నేల ఉడుత కంట్లో దండాలు బహు తక్కువ. అందుకే పొద్దుగూకకముందే బొరియలో దూరుతుంది.

"అయితే గా ఉడుత ఎవలకూ దండం పెట్టది మేడమ్" అంది గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చే నా స్నేహితురాలు. క్లాసంతా నవ్వింది.

ఆ వారమే తెలంగాణ కోసం రాస్తారోకోలో కూర్చున్నాం. పోలీసులు లాఠీలతో మీద పడ్డారు. నా తల పగిలి నెత్తురు కళ్లలోకి కారుతోంది. ఒక అధికారి నా పక్కనున్న ఆ స్నేహితురాలిని జుట్టు పట్టుకుని లేపి, "దండం పెట్టు, వదిలేస్తా" అన్నాడు.

"నాది ఉడుత కన్ను సార్. దండాలు తక్కువ."

వాడికేం అర్థమైందో గానీ, అడ్డం పెట్టిన ఆమె చేతుల మీదే మళ్లీ మళ్లీ కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను.

దవాఖానలో రెండు చేతులకూ పిండికట్లు వేశారు. వాటిని దగ్గరికి తేవాలని చూసింది. కలవలేదు.

"మంచిగైంది" అంది. "ఇగ పెడుదామన్నా పెట్టరాదు."