కిటికీ పక్కన బడి

యానాం బస్టాండులో కాకినాడ బస్సు ఇంకా కదలలేదు. నా పక్కన కూర్చున్న ఒక తల్లి తన ఐదేళ్ల కూతురికి ఆట పెట్టింది. కిటికీలోంచి దుకాణం బోర్డు మీద ఒక అక్షరం చదివితే ఒక చింతపిక్క.

"బడికి సెలవా, బుజ్జీ?" అన్నాను.

"కొడతన్నారని మానిపించేశానండి. ఫోన్లో ఊరికే వచ్చే పాఠాలు చూసి నేనే చెప్పుకుంటన్నాను," అంది తల్లి.

నా నోరు ఊరుకోదు కదా. "నేను స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని పట్టుకెళ్ళి బళ్ళో కూర్చోబెట్టానో," అన్నాను.

తల్లి మొహం పాలిపోయింది. పిల్ల చదవడం మానేసి ఆమె కొంగులో దూరింది.

"ఉత్తినే అన్నానమ్మా. నేను టైలర్ని. స్కూలు పిల్లలకి నిక్కర్లు కుట్టేవాణ్ణి," అన్నాను కంగారుగా.

"అలాగేనండి, తాతగారూ. మళ్ళీ అదే బళ్ళో చేర్పించేస్తానండి," అంది, నా వైపు చూడకుండా.

బస్సు కదిలింది. కాకినాడకి టిక్కెట్టు తీసుకున్న మనిషి, దారి మొదట్లోనే వచ్చే ఫరంపేటలో పిల్లతో దిగిపోయింది. సీటు మీద మిగిలిన పిక్కలు కిటికీలోంచి అందించబోయాను. పిల్ల చెయ్యి చాచింది. తల్లి ఆ చెయ్యి లాక్కుని గబగబా నడిచింది.

పిక్కలు నా దారాల డబ్బాలో ఉన్నాయి. ఆవిడ అన్నంత పనీ చేసిందేమోనని, డబ్బా తెరిచినప్పుడల్లా భయమేస్తుంది.