జరిమానా కట్టి కొనుక్కున్న నీళ్లు

2023 దాళ్వా, అంటే రెండో పంట కాలం. విదేశీ నిధులతో నడిచే ఒక నీటి ప్రాజెక్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేరి, రామచంద్రపురం వైపు ఒక పంట కాలువ మీద పనిచేస్తున్నాను. ఆ ఏడు నీళ్లు తక్కువ. అందుకని వంతులు పెట్టాం: మూడు రోజులు ఎగువ పొలాలకు, మూడు రోజులు టెయిల్ ఎండ్‌కు. అంటే కాలువ చివరి భూములు. మా వైపు శివారు అంటారు. తూము తలుపు దించి ఉంటే నీళ్లు శివారుకు పోతాయి, ఎత్తితే ఎగువ చేలకు మళ్లుతాయి. వంతు కానప్పుడు ఎత్తితే జరిమానా. ఆ నియమం ఢిల్లీ ఆఫీసులో రాశారు.

శివారులో సత్యవతి గారిది ఎకరం కౌలు చేను. వరి పొట్ట మీదుంది. ఆ దశలో తడి అందకపోతే పంట తాలుగింజలే. శివారు వంతు మొదటి రోజే ఎగువ రైతు సూరిబాబు గారు తలుపు ఎత్తేశారు. నేను వెళ్లేసరికి నోట్లు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు.

"ఇదిగోండమ్మా జరిమానా. రేపటిది కూడా తీసేసుకోండి, మళ్లీ మీకెందుకు శ్రమ?"

"తప్పు కదండీ?"

"తప్పుకే కదండీ కట్టాను! ఇంకేంటి?"

ఇదివరకు దొంగతనంగా నీళ్లు పెట్టుకుంటే ఎగువ రైతులు శివారు వాళ్లకు మొహం చాటేసేవారట. జరిమానాతో ఆ బెరుకూ తీరిపోయింది.

నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. అయినా ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా పైఅధికారి "జరిమానాలు బాగా వసూలవుతున్నాయి, పద్ధతి పనిచేస్తోంది" అంటుంటే మైక్ ఆన్ చేశాను.

"అది జరిమానా కాదండి, టికెట్. కొనుక్కుంటున్నారు. తీసేసి, నియమం రైతులనే పెట్టుకోనివ్వండి."

కాదన్నారు. మళ్లీ అదే చెప్పాను. చివరికి "ఈ ఒక్క వంతుకే" అని ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర రైతులందరినీ కూర్చోబెట్టి, ఈ వంతుకి జరిమానా లేదు, నియమం మీరే పెట్టుకోండన్నాను. సత్యవతి గారు తేల్చి చెప్పారు: "మా వంతుకి సూరిబాబు గారు కాపలా ఉండాలండి. ఆయన వంతుకి నేనుంటాను."

"దొంగ చేతికి తాళమేంటే అత్తా!" అన్నారెవరో. అందరూ నవ్వారు. సూరిబాబు గారు మాత్రం నవ్వలేదు.

"ఉంటాను. చూద్దురుగాని."

గొడుగు వేసుకుని తూము మీదే కూర్చున్నారు. మధ్యాహ్నం ఆయన సొంత తమ్ముడే వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్యి! నీళ్లు తగ్గితే నన్నంటార్రా!" ఆ కేక గట్టు మీదున్న నాకూ వినబడింది.

సాయంత్రానికి సత్యవతి గారి చేను తడిసింది.

ఉమ్మడి వనరును కాపాడాలంటే సర్కారు కర్రో సొంత పట్టానో ఉండాలన్నది పాత పాఠం. వాడుకునేవాళ్లే కట్టుబాటు పెట్టుకోగలరన్నది కొత్త పాఠం. రెండూ చదువుకునే వచ్చాను. మొహమాటానికి రేటు కడితే అది అమ్ముడుపోతుందని మాత్రం ఆ తూము దగ్గరే తెలిసింది. కొత్త కాలువకు వెళ్లిన ప్రతిసారీ ఇప్పుడు మొదట అడిగేది ఒకటే: "ఇక్కడ ఎవరి ముందు ఎవరు తలెత్తుకుని తిరగాలనుకుంటారండి?"