యాకొవోస్ అడిగిన గంట

మికొనోస్ దీవిలో వేసవిలో నిశ్శబ్దం కావాలంటే చచ్చి పడుకోవాలని మా వాళ్లు వెక్కిరిస్తుంటారు. అనూసో మొగుడు యాకొవోస్‌కి చచ్చాక కూడా అది దొరికేలా లేదు.

వాళ్ల ఇల్లు సముద్రం ఒడ్డున ఉంది. ఇంటి పక్కనే గది అంత, సున్నం కొట్టిన గుడి, సెయింట్ మరీనాది. అది యాకొవోస్ వంశం వాళ్ల సొంతం, వాళ్ల పూర్వీకుల అస్థికలన్నీ ఆ గుడి గోడ గూళ్లలోనే ఉన్నాయి. గుడికి యాభై అడుగుల దూరంలో పన్నెండేళ్ల క్రితం బీచ్ క్లబ్ వెలిసింది. అప్పట్నుంచీ మధ్యాహ్నం మొదలైన దరువు తెల్లవారేదాకా ఆగేది కాదు.

యాకొవోస్ చేపలు పట్టేవాడు, మాట తక్కువ మనిషి. మొదట చెవుల్లో దూది పెట్టుకున్నాడు. తర్వాత కొండకొమ్ము అవతలికి పోయి పడవలోనే పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. పోనీ ఎక్కడికైనా వెళ్లిపోదామని అనూసో అంటే, "మా అమ్మ గోడలో ఉందే, ఆమెనొదిలి ఎక్కడికి పోతాం?" అనేవాడు. మరోపక్క ఆ దరువు కోసం వచ్చిన జనం హోటళ్లలో పడుకున్న దుప్పట్లే అనూసో పన్నెండు వేసవులు ఉతికింది. ఇంటికి మేడ లేచింది ఆ చాకిరీతోనే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇద్దరికీ తెలుసు. అందుకే ఎవరి దగ్గరా నోరెత్తలేదు.

పోయేముందు అతను ఒక్కటే అడిగాడు.

"నన్ను మా అమ్మ పక్కన పెట్టేటప్పుడు ఆ దరువు ఉండకూడదే. నీ గొంతు వినబడాలి."

"అలాగేనయ్యా," అని ఆమె మాటిచ్చింది.

మాలో మనిషిని ముందు శ్మశానంలో పూడుస్తారు. కొన్నేళ్లకు ఎముకలు తీసి, ద్రాక్షసారాతో కడిగి, పెట్టెలో పెట్టి గుడికి తెస్తారు. ఆ వంశం ఆనవాయితీ ఏమిటంటే, గోడలో గూడు తెరిచేది నడివేసవిలో వచ్చే మరీనా పండగ ముందు సాయంత్రమే. ఏ నిశ్శబ్దపు చలికాలంలోనో తెరవడానికి లేదు. ఆ సాయంత్రం ప్రార్థన జరిగే గంటసేపు దరువు ఆపుతానని క్లబ్ పాత యజమాని యాకొవోస్‌కి మాటిచ్చాడు, ఉన్నన్నాళ్లూ నిలబెట్టుకున్నాడు. ఈ ఏడు క్లబ్ చేతులు మారింది. ఏథెన్స్ నుంచి ఫివోస్ అనే కుర్ర మేనేజరు వచ్చాడు.

యాకొవోస్ పోయి నాలుగేళ్లయింది. ఎముకలు తీసిన పెట్టె నాలుగు నెలలుగా శ్మశానం కొట్లో అరమీద నంబరు తగిలించుకుని ఉంది. అది తలుచుకుంటే అనూసోకి ముద్ద దిగేది కాదు. పండగ మూడు రోజులుందనగా బాదం మిఠాయి పళ్లెం పట్టుకుని క్లబ్బుకి వెళ్లింది.

"ఎల్లుండి సాయంత్రం మా పండగ ప్రార్థన బాబూ. ఏడు నుంచి ఎనిమిది దాకా పాట ఆపాలి."

"దాందేముంది పిన్నిగారూ, ఆపేస్తాం."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "చల్లగా ఉండు. భోజనానికి నువ్వూ రావాలి. నీ వాళ్లందర్నీ తీసుకురా."

"అందర్నీనా?"

"పండగపూట లెక్కలేమిటి? వచ్చినవాళ్లందరికీ పెడతాం."

మా దీవిలో పిలుపంటే అంతే, మాటవరసకి అందర్నీ రమ్మంటాం. ఇక్కడ పుట్టినవాడైతే ఇద్దరు వంటవాళ్లని వెంటబెట్టుకుని, ఓ సీసా చేత పట్టుకుని వచ్చేవాడు. పైఊరివాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? అనూసోకి చెప్పాలనే తోచలేదు.

పండగ ముందు సాయంత్రం సరిగ్గా ఏడింటికి దరువు ఆగింది. గడ్డిలో గాలి వినబడింది. కూతురు జంబేత దీపాలు వెలిగించింది. ఫాదర్ లెఫ్తెరిస్ పుస్తకం తెరిచాడు. అనూసో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, నాలుగేళ్లుగా దాచుకున్న మాటల్ని కూడదీసుకుంటోంది.

అప్పుడొచ్చారు. ఇద్దరు కాదు, ఇరవై మంది కాదు, క్లబ్బులో ఉన్న జనమంతా వచ్చారు. తడిజుట్లు, చేతుల్లో గ్లాసులు, ఫోన్లు. ముందు ఫివోస్, పెళ్లివారిని తోలుకొచ్చినంత సంబరంగా. వాకిలి నిండిపోయింది. కేరింతలకి ఫాదర్ గొంతు మునిగిపోయింది. ఒకడు గుమ్మంలోకి వంగి పెట్టెను ఫొటో తీశాడు.

"వెళ్లిపొమ్మని చెప్పనా అమ్మా?" అంది జంబేత పళ్లు కొరుకుతూ.

"నోర్ముయ్. పండగకొచ్చినవాణ్ణి ఈ గుమ్మంలోంచి మీ ముత్తాతలెవరూ పంపలేదు. నేను పంపిస్తానా?"

పెట్టెను పక్కన దించి, లేచి మాంసం పులుసు వడ్డించింది. రొట్టె ముక్కలు పంచింది. ఏడున్నర దాటినా ఒక్కడూ కదల్లేదు.

"పోనీ, వచ్చే ఏడు చూద్దామా అమ్మా?" అన్నాడు ఫాదర్ మెల్లిగా.

"ఇంకో ఏడాది ఆయన్ని ఆ కొట్లో పడుండమంటారా ఫాదర్‌గారూ? ఏడాదికి నేనుంటానో లేదో."

కాసేపు పెట్టె వంక చూసింది. తర్వాత వాకిట్లోకి వెళ్లి ఫివోస్ చెయ్యి పట్టుకుంది.

"బాబూ, పాట పెట్టించు."

"ఇంకా గంట కాలేదుగా పిన్నిగారూ. నేను మాట తప్పను."

"నేనే అడుగుతున్నాగా. పెట్టించు. గట్టిగా పెట్టించు."

అతను ఫోన్లో ఏదో చెప్పాడు. దరువు ఒక్కసారిగా లేచింది. జనం కేక పెట్టి, సగం తిన్న గిన్నెలు గోడమీద వదిలేసి ఇసుకలోకి పరిగెత్తారు. రెండు నిమిషాల్లో వాకిలి ఖాళీ అయింది. ఎవరినీ ఎవరూ పొమ్మనలేదు.

గుడిలో ముగ్గురే మిగిలారు. దీపాల గాజుబుడ్లు గలగలలాడుతున్నాయి. ఫాదర్ చదువుతున్నాడు, పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది. అనూసో పెట్టెను అత్తగారి పెట్టె పక్కకి తోసి, గూట్లోకి తల దూర్చి, చెక్కకి నోరు ఆనించింది.

"నేనే పెట్టించానయ్యా," అని అరిచింది. "నన్ను తిట్టుకోకు."

ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.