బాయిలర్ పిండి

ఇరవై ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండంటే రెండే మాటలు. బరువు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం ఎందుకు?

మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గుమస్తాగా చేశాను. ధాన్యం ఉడకబెట్టడానికి అక్కడ బాయిలర్ ఉండేది. ఆవిరి గొట్టాల వేడి వృథాగా పోకుండా వాటి చుట్టూ మందంగా పూత వేసేవాళ్ళం. దానికి కావలసిన పొడి సంచుల్లో వచ్చేది, తెల్లగా, నార నారగా. నీళ్ళు పోసి పిసికి గొట్టాలకు మెత్తడమే. మిల్లులో అందరూ దాన్ని పిండి అనేవారు. బాయిలర్ పిండి. దాని అసలు పేరు ఆస్బెస్టాస్ అని పనివాళ్ళెవరికీ తెలియదు. బిల్లులు చూసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

ఆ పని సూరిబాబుది. పాత పూత సుత్తితో కొట్టి రాల్చడం, కొత్త పిండి తొట్టిలో కుమ్మరించి కలపడం అన్నీ అతనే చేసేవాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడిపోయేవి. "ఏరా, అప్పుడే ముసలాడివైపోయావేంట్రా" అని వేళాకోళం ఆడేవాణ్ణి. నవ్వేవాడు. నేను మాత్రం గుమ్మం అవతల, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని నిలబడేవాణ్ణి. దుమ్ము నాకు గిట్టదు కాబట్టి అలా నిలబడ్డానని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. నిజంగా అంతేనా?

ఒక ఏడాది విదేశీ సంచులు వచ్చాయి. వాటి మీద ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో అచ్చు వేసి ఉంది. సూరిబాబు ఒక సంచిని నా వైపు తిప్పాడు.

"గుమస్తా గారూ, ఏంటండీ ఇది, ఎర్రగా రాశారు? జాగర్త లాంటిదేమన్నానా అండీ?"

చదివాను. ఈ దుమ్ము పీల్చడం ఆరోగ్యానికి ప్రమాదం, తడిపి వాడండి అని ఉంది. నాలుగు రోజుల్లో కొత్త ధాన్యం దిగుతుంది. ఉన్నదున్నట్టు చెబితే అతను పని ఆపేస్తాడు. ఆపితే యజమాని నన్ను నిలదీస్తారు. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ నాలో వెతుక్కుంటూనే ఉన్నాను. దొరకలేదు.

"తడవనివ్వొద్దని రాశారురా" అన్నాను.

అంతకుముందు సంచి మూతి విప్పేటప్పుడు కాసిని నీళ్ళు చిలకరించేవాడు. ఆ రోజు నుంచి అదీ మానేశాడు. సంచుల మీద చుక్క పడకుండా కంటికి రెప్పలా చూసుకున్నాడు. పొడిపొడిగానే తొట్టిలో కుమ్మరించి, ఆ తర్వాతే నీళ్ళు పోసి కలిపేవాడు. గది నిండా తెల్లగా లేచేది. నా మాటను అంత నమ్మకంగా పాటించిన మనిషి నాకు మళ్ళీ తారసపడలేదు.

ఇరవై నాలుగేళ్ళు గడిచాక అతనికి ఆయాసం మొదలైంది. కుడి పక్క నొప్పి. టి.బి. అనుకుని ఆరు నెలలు మాత్రలు మింగించారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే తీశారు. పదిహేను రోజుల్లో మళ్ళీ చేరింది. డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడగలనని అతని భార్య మంగమ్మ నన్ను తోడు రమ్మంది. రాజమండ్రి తీసుకెళ్ళాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. మీసోథీలియోమా అని వచ్చింది. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకు పట్టే క్యాన్సర్.

ఎప్పుడైనా ఆస్బెస్టాస్‌తో పనిచేశావా అని డాక్టరు గారు అడిగారు. ఆ మాట సూరిబాబుకి తెలుసు. మా వైపు దానికి ఒకటే అర్థం, ఇంటి మీద వేసే రేకులు.

"లేదండి బాబూ. మాది తాటాకిల్లండి. రేకులెప్పుడూ ఎయ్యలేదండి."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఆయన ఇంగ్లీషులో చెప్పినవన్నీ సూరిబాబుకి తెలుగులో చెప్పింది నేనే. తొందరగా బయటపడితే కొందరికి ఆపరేషన్ చేస్తారు, ఇతనికి ఆ దశ దాటిపోయింది. మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తే కొంతకాలం నిదానిస్తుంది గాని నయం కాదు. నీరు మళ్ళీ చేరకుండా లోపలి పొరల మధ్యకు పౌడరు లాంటిది పంపి అతికిస్తారు. ఇంతవరకూ చెప్పాను. ఆ నార పీల్చినప్పుడు లోపల గుచ్చుకుని, ఇరవై నుంచి నలభై ఏళ్ళు చడీచప్పుడూ లేకుండా ఉండి, ఆ తర్వాత జబ్బుగా లేస్తుందని కూడా ఆయన చెప్పారు. పొగాకుకీ ఈ జబ్బుకీ సంబంధం లేదని చెప్పారు. ఈ రెండూ మింగేశాను.

నిజం చెప్పినా వైద్యం మారేది కాదు. ఈ మాట చాటున కూడా చాలాకాలం దాక్కున్నాను. కానీ సూరిబాబు మారేవాడు. చుట్టలు తాగి తెచ్చుకున్నాడని ఊరంతా అంటుంటే, అతనూ అదే నమ్మాడు. చేతులారా చేసుకున్నానండీ అని నాతోనే ఏడ్చాడు. చుట్టల వల్ల కాదురా అని ఎందుకు అనలేకపోయాను? అంటే, మరి దేనివల్లండీ అని అడుగుతాడు. అందుకు.

తొమ్మిది నెలలు బతికాడు. పదో రోజున వాళ్ళింటికి వెళ్తే మంగమ్మ నా దగ్గరకు వచ్చింది.

"ఆఖర్న ఒక్క చుట్ట ముట్టించి ఇమ్మని నా రెండు చేతులూ పట్టుకున్నారండి. ఇవ్వలేదండి. తిట్టానండి కూడా. మంచి పనే చేశానంటారా అండీ?"

"మంచి పనే చేశావమ్మా" అన్నాను.

సంచి దగ్గర భయపడ్డాను, సరే. ఇక్కడ ఎవరికి భయపడ్డాను? నా ముందున్నది కట్టుకున్నవాణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి. ఆమెకి ఆ ఒక్క నిజమైనా నేను ఇచ్చి ఉండవలసింది.

మంగమ్మా, ఆ చుట్ట ఇచ్చినా ఏమీ అయ్యేది కాదు. మీ ఆయన్ని చంపింది చుట్ట కాదు, పిండి. దాని సంగతి తెలిసీ అబద్ధమాడింది నేను. ఈ మాట నీ గుమ్మంలో నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక నీకు దక్కవలసింది. అది కూడా నేనే తీసుకున్నాను.