పొద్దున్నే లేచే అమ్మాయి

డ్రిల్లు మాస్టారి రెండో కూతుర్ని ఇంట్లో అందరూ కుంభకర్ణుడి మనవరాలనేవారు. నిజానికి ఆ పిల్లకి నిద్ర ఎక్కువేమీ కాదు. అందరూ పడుకున్నాక ఆమె బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, తెల్లవారాక మొద్దుబారుతుంది, అంతే. కానీ ఈ లోకాన్ని నడిపేది పొద్దున్నే లేచేవాళ్ళాయె! బడిగంట వాళ్ళదే, పరీక్షలు వాళ్ళవే, ఆఫీసు హాజరూ వాళ్ళదే. పెందలాడే పడుకుని పెందలాడే లేచినవాడు బుద్ధిమంతుడట. ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేచినవాడు సోమరిపోతట. ఇద్దరూ పడుకున్నది సమానంగానే కదా అని అడిగే నాథుడే లేడు.

నిద్రకళ్ళతో రాసిన పరీక్షలు అత్తెసరు మార్కులతో గట్టెక్కాయి. బట్టల కొట్లో ఒక ఉద్యోగం, కొరియర్ ఆఫీసులో ఇంకొకటి, ఆలస్యాల పుణ్యమా అని ఊడిపోయాయి. చివరికి బేకరీలో పని దొరికింది. అక్కడ అసలు పని మొదలయ్యేదే ఊరు పడుకున్నాక! పిండి కలిపి, పొంగనిచ్చి, ట్రేలలో సర్ది, ఓవెన్‌లోకి తోసి, తెల్లారేసరికి వేడివేడి బ్రెడ్డూ బన్నులూ అరల్లో నింపాలి. వారం తిరక్కుండానే ఆమెకి చేయి తిరిగింది. వేలితో నొక్కితే చాలు, పిండి ఎంతవరకు పొంగిందో తెలిసిపోయేది. తనకూ ఒక వేళ ఉందని తెలిశాక ఆ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మాస్టారు రాత్రి భోజనం కాగానే గురక పెట్టే మనిషి. ఆ తరవాతే కూతురు బయల్దేరేది. చీకటితోనే ఆయన లేచి చూస్తే మంచం ఖాళీ, దుప్పటి మడత.

"చూశావా! నాకంటే ముందే లేచి వెళ్ళిపోయింది!" అని భార్య దగ్గర సంబరపడిపోయాడు.

సంగతి తెలిసిన ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది. తండ్రి నోట మెప్పు వినడం అదే మొదలు కాబట్టి కూతురూ నోరు విప్పలేదు. రోజూ నడక కాగానే మాస్టారు నేస్తాలను వెంటేసుకుని బేకరీకి వచ్చేవాడు. "మా అమ్మాయి! కోడికంటే ముందు లేస్తుంది!" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చాటింపు వేసేవాడు. ఆయన బడికెళ్ళాకే ఆమె ఇంటికొచ్చి పడుకునేది.

ఆ చాటింపే ఒకరోజు కొంప ముంచింది. ఆమె ఆఖరి ట్రే బయటికి లాగుతుండగా యజమాని పిలిచాడు. పక్కనే నేస్తాలతో మాస్టారు.

"అమ్మాయ్, పొద్దున్నే లేవడం నీకు అలవాటేనట, మీ నాన్నగారు చెప్పారు. సోమవారం నుంచి పగలు కొట్టంతా నువ్వే చూసుకోవాలి. పొద్దున్నే వచ్చెయ్."

"నేనే అడిగాను!" అన్నాడు మాస్టారు మీసం దువ్వుకుంటూ. నేస్తాలు చప్పట్లు కొట్టారు.

ఊరుకుంటే నాన్న పరువు నిలుస్తుంది, ఓవెన్ చేజారిపోతుంది. నెల తిరిగేసరికి ఉద్యోగమూ ఊడుతుంది. నోరు విప్పితే ఇంతమందిలో ఆయన తల కొట్టేసినట్టవుతుంది. ఆ వేడి బన్నుల వాసనే ఆమెకి ధైర్యమిచ్చింది.

"వద్దు సార్. నాకు ఓవెన్ దగ్గరే కావాలి."

"అదేంటమ్మా! పగటి డ్యూటీ కోసం అందరూ కాళ్ళావేళ్ళా పడుతుంటే?"

ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నేను పొద్దున్నే లేవను నాన్నా. ఎప్పుడూ లేవలేదు. మీరు పడుకున్నాక ఇక్కడికొస్తాను, మీరు బడికెళ్ళాక ఇంటికెళ్ళి పడుకుంటాను. పగటి పనికి మారిస్తే మళ్ళీ పనికిరానిదాన్నైపోతాను. ఇక్కడ నేను బాగా చేస్తున్నాను నాన్నా. చాలా బాగా చేస్తున్నాను!"

ఆ మాట పైకి అనగలిగిన ఉత్సాహంలో చేతిలో ట్రేని ఠపీమని బల్ల మీద పెట్టింది.

నేస్తాల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు. మాస్టారి మొహం కందగడ్డయింది. చేతిలో ఉన్న బన్ను తుంచి, నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలాడు.

"ఇవన్నీ నువ్వు చేసినవేనా?"

"నేనూ, ఇంకో ఇద్దరూ."

ఆయన యజమాని వైపు తిరిగాడు. "నేనడిగింది మర్చిపోండి. అమ్మాయిని ఓవెన్ దగ్గరే ఉండనివ్వండి." తరవాత మైదానంలో పిల్లల్ని గదమాయించే గొంతుతోనే కూతురితో అన్నాడు: "ఇంకా నిలబడ్డావేం? ఇంటికెళ్ళి పడుకో!"

తెల్లారాక ఆయన నోట 'పడుకో' అన్న మాట వినడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఎగిరి గంతేసినంత పనిచేసింది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు.

"మీరు రారా నాన్నా?"

"ఇప్పుడే రాను. వస్తే చప్పుడు చేస్తాను," అని, మొర్రోమంటున్న నేస్తాలను ఇంకో చుట్టు నడకకి లాక్కెళ్ళాడు మాస్టారు.