బావ రక్తానికి రంగు తక్కువ

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, మా బాన్సువాడలో మనిషికి జబ్బు ఖాయం చేసేది డాక్టరు కాదు, చుట్టాలు. డాక్టరుకు పరీక్షలు కావాలి; వాళ్ళకు అరటిపండ్ల సంచీ ఉంటే చాలు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండిపోతుంది.

నేనప్పుడు ఒక చిన్న దవాఖానలో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. నస్రుల్లాబాద్ దగ్గర చెరకు వేసే మా అన్నకు జ్వరం తగ్గక రక్తం చూస్తే, తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. "రక్త క్యాన్సర్ కావచ్చు, లోపలెక్కడో చీము పట్టినా కావచ్చు" అన్నాడు డాక్టరు. మా పెద్దక్క భర్త, అంటే మా బావ, మొదటి సగమే విని ఊరంతా చెప్పి వచ్చాడు. ఇక మంచం చుట్టూ జనం, పండ్లు, ఏడుపులు. (ఒకాయనైతే ట్రాక్టరు ఎవరికి అమ్ముతారని కూడా అడిగాడు.) "బతికే ఉన్న కదరా! పోండ్రి!" అని అన్న అరుస్తుంటే, బావ కళ్ళు తుడుచుకుంటూ "పాపం, నొప్పికి గట్ల మాట్లాడుతుండు" అనేవాడు.

తేల్చే పరీక్షకు రసాయనం హైదరాబాద్ నుంచి తెప్పించాం. తెల్లకణాల్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. చీముతో పోరాడే కణాల్లో అది జోరుగా పనిచేస్తుంది, గాజుపలక మీద రంగు దట్టంగా తేలుతుంది. డాక్టరు అనుమానించిన రకం క్యాన్సర్‌లో రంగు దాదాపు రాదు. పోల్చి చూడడానికి పక్కన ఆరోగ్యవంతుడి రక్తం ఉండాలి. తనది ఉక్కు ఒళ్ళని చెప్పుకునే బావను పిలిచాను. సూది చూసి గోడకు అంటుకుపోయాడు.

"నాదెందుకు బామ్మర్ది? గా రోగం నాకంటుకుంటే?"

"ఊరంత చాటింపేసినప్పుడు లేని భయం గిప్పుడెందుకు బావా?" అని నేను అరిచాను. అన్న మంచం దిగి వచ్చి బావ చెయ్యి ఒడిసిపట్టి, "గుచ్చురా!" అన్నాడు.

అన్న పలక మీద రంగు దట్టంగా తేలింది, బావ పలక మీద మామూలుగా. ఇది చీము వల్లేనని డాక్టరు ఒళ్ళంతా వెతికితే పిరుదు లోపల పెద్ద గడ్డ దొరికింది. నా కోపం అన్న మీదకు మళ్ళింది. "అక్కడ నొప్పుందని ముందే చెప్పొద్దా?"

"గంతమంది ముంగట ఎట్ల చెప్పాలెరా!"

గొడవ అక్కడితో ఆగలేదు. "మరి నాకెందుకు రంగు తక్కువొచ్చింది?" అన్నాడు బావ. ఉండాల్సినంతే ఉందని గొంతు పోయేలా చెప్పాను. నమ్మలేదు, ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకున్నాడు. గడ్డ మానిన అన్న చేసిన మొదటి పని, అరటిపండ్లు కొని బావ మంచం పక్కన కూర్చుని నిట్టూర్చడం.

"ఏం ఫికర్ చెయ్యకు బావా. ఇగ ట్రాక్టరు ఎవరికియ్యాల్నో చెప్పు."

ఆనాటి డైరీలో 'బావ' అని రాసి కింద కోపంగా గీత గీస్తే, కాగితం చిరిగింది.

ఇప్పుడు బావ లేడు, అన్నా లేడు. నాకు జ్వరమొస్తే అందరూ ఫోన్లోనే పలకరిస్తారు. సంచీతో ఎవరైనా వస్తే తిట్టి పంపేద్దామని, తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటాను.